నెల తప్పిన రెండు వారాలకే

పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే అన్నవరం రత్నగిరి మీద వ్రతమండపాలు కొత్త జంటలతో నిండిపోతాయి. పారాణి ఇంకా వదలని అమ్మాయి, పట్టుపంచె జారిపోతుంటే సర్దుకుంటున్న అబ్బాయి, వెనక వరసలో రెండు వైపుల పెద్దవాళ్ళు. పెళ్ళయ్యాక సత్యదేవుడి వ్రతం చేసుకుని గాని కాపురం మొదలుపెట్టని కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో. కథ అయిపోయి, ప్రసాదం చేతికొచ్చి, పెద్దల కాళ్ళకు దణ్ణం పెట్టినప్పుడు వినబడే దీవెన మనకి తెలిసిందే: ఏడాది తిరిగేసరికి పండంటి బిడ్డనెత్తుకోవాలి. ఆ దీవెనతో పాటు ఆ రోజే ఆ అమ్మాయి చెవిన పడాల్సిన మాట ఇంకొకటి ఉంది. తుని, కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలు ఆ మాటను పరీక్ష కోసం చదువుతారు, రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. సొంత అక్క పెళ్ళిలో మాత్రం అది గుర్తుకు రాదు.

క్లాసులో ఈ సబ్జెక్టును ఎంబ్రియాలజీ అంటారు. పీజీకి వెళితే డెవలప్‌మెంటల్ బయాలజీ అవుతుంది. ఒక్క కణం నుంచి కళ్ళూ కాళ్ళూ గుండే మెదడూ ఉన్న జీవి ఎలా తయారవుతుందో చెప్పే శాస్త్రం. ఇందులో ఏ అవయవం ఎలా వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వస్తుందన్నది అంతకన్నా ముఖ్యం. ఆ ‘ఎప్పుడు’ దగ్గరే మన ఇళ్ళల్లో లెక్క తప్పుతోంది.

లెక్క ఇలా వేసుకోండి. నెల తప్పిందని ఆడపిల్ల గమనించే రోజుకి కడుపులో పిండం వయసు సుమారు 14 రోజులు. మెదడూ వెన్నుపామూ ఏర్పడే గొట్టం పూర్తిగా మూసుకునేది 28వ రోజుకి. అంటే నెల తప్పిన తరవాత మిగిలింది రెండు వారాలు. ‘నాలుగు రోజులు చూద్దాంలే’ అనుకుంటే అందులో కొంత పోయింది. మెడికల్ షాపులో కిట్ కొని చూసుకుని, మొగుడికి చెప్పి, అమ్మకి ఫోన్ చేసి, డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి మిగతాది కూడా పోతుంది. వేవిళ్ళు మొదలై వంటింటి వాసన పడని రోజులకి ఆ గొట్టం పని దాదాపు ముగిసిపోయి ఉంటుంది. మూడో నెల వచ్చేదాకా బయటకు చెప్పకూడదని మనవాళ్ళ పట్టింపు. అప్పటికి ఆ పని ముగిసి వారాలు గడిచిపోతాయి. డాక్టర్లు ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కేస్తారు కాబట్టి వాళ్ళ చీటీలో ఈ 28వ రోజు ‘ఆరు వారాలు’ అని కనబడుతుంది. ఆ ఆరులో మొదటి రెండు వారాల్లో అసలు పిండమే లేదు.

ఈ గొట్టాన్ని నాడీ నాళం అంటారు. అది తయారయ్యే తీరు ఈ శాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా అద్భుతమనిపిస్తుంది.

రెండు వారాల పిండం రెండు పొరల బిళ్ళ మాత్రమే. మూడో వారంలో దాని మీద ఒక గాడి పడుతుంది. పై పొర కణాలు ఆ గాడిలోంచి లోపలికి దిగి, రెండు పొరలు మూడవుతాయి. నడిమధ్యన తల వైపు నుంచి తోక వైపుకి సన్నని కడ్డీ ఒకటి ఏర్పడుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాని పేరు పృష్ఠవంశం, క్లాసులో అందరూ నోటోకార్డ్ అనే అంటారు. దాని పైనున్న పొర మందమై చదునుగా ఒక పలకలా మారుతుంది. అదే రాబోయే మెదడు, రాబోయే వెన్నుపాము. వ్రతంలో కలశం పక్కన పెట్టిన తమలపాకును చేతిలోకి తీసుకుని, నడిమి ఈనెను కింద అలాగే ఉంచి రెండు పక్కల అంచులనూ పైకి లేపి కలిపితే ఏమవుతుందో ఆ పలకకీ అదే అవుతుంది. ఈనె ఉన్న చోట పలక అడుగున నోటోకార్డ్ ఉంటుంది. అక్కడి కణాలు పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా మారి మడతకు కీలులా పనిచేస్తాయి. అంచులు లేచి, ఒకదాన్నొకటి తాకి, అతుక్కుంటాయి. అతుకు మొదట మెడ ప్రాంతంలో 22వ రోజున పడుతుంది. అక్కడి నుంచి తల వైపుకీ తోక వైపుకీ సాగుతుంది. తల వైపు రంధ్రం సుమారు 25వ రోజున, తోక వైపు రంధ్రం 28వ రోజుకి మూసుకుంటాయి. అప్పటికి పిండం మొత్తం పొడవు సుమారు నాలుగు మిల్లీమీటర్లే.

ఒకేలా కనిపించే పై పొరలో కొంత భాగం చర్మంగా, కొంత భాగం మెదడుగా ఎందుకు మారాలి? దీనికి మొదటి జవాబు జర్మనీలో 1924లో దొరికింది. హిల్డె మాంగోల్డ్ అనే పరిశోధక విద్యార్థిని తన గురువు హన్స్ స్పీమన్ దగ్గర న్యూట్ అనే ఉభయచరం పిండాల మీద పనిచేసేది. ఒక పిండంలో కణాలు లోపలికి దిగే చోటి పైపెదవి నుంచి చిన్న ముక్క కోసి, వేరే జాతి న్యూట్ పిండం పొట్ట వైపు అతికించింది. ఆ పొట్ట మీద రెండో వెన్ను, రెండో నాడీ నాళం లేచాయి. రెండు జాతుల రంగులు వేరు కావడం వల్ల ఒక సంగతి తేటతెల్లమైంది. కొత్త నాళంలో ఎక్కువ భాగం అతికించిన ముక్కది కాదు, ఆతిథ్యమిచ్చిన పిండానిదే. ఆ ముక్క పక్క కణాలకు ఏదో కబురు పంపి వాటిని నాడులుగా మార్చిందన్నమాట. పరిశోధన అచ్చయిన ఏడాదే హిల్డె ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయింది. 1935 నోబెల్ స్పీమన్‌కి వచ్చింది. ఆ కబురేమిటో తెలియడానికి 1990ల దాకా పట్టింది. చర్మంగా మారమని చుట్టూ ఉన్న ప్రోటీన్లు కణాలకు చెబుతూనే ఉంటాయి. ఆ ముక్క నుంచి వచ్చే నాగిన్, కార్డిన్ అనే పదార్థాలు ఆ మాటను అడ్డుకుంటాయి. అడ్డుకున్న చోట నాడీ పలక మిగులుతుంది.

ఇదంతా చూడాలంటే మనిషి పిండం అక్కర్లేదు. అందుకే ప్రపంచంలో చాలా యూనివర్సిటీల్లో ఎంబ్రియాలజీ కోడిగుడ్డుతోనే మొదలవుతుంది. అరిస్టాటిల్ కూడా పొదిగిన గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి లోపల కొట్టుకుంటున్న గుండెను చూశాడు. గోదావరి జిల్లాల పిల్లలకు ఈ విషయంలో లోటు లేదు. అనపర్తి, మండపేట వైపు వెళితే దారి పొడుగునా కోళ్ళ ఫారాలే. అయితే దుకాణంలో కొన్న గుడ్డు దీనికి పనికిరాదు. గుడ్లు పెట్టే ఫారంలో పుంజు ఉండదు, ఆ గుడ్లలో పిండమూ ఉండదు. పుంజులున్న బ్రీడర్ ఫారం నుంచో, ఊళ్ళో నాటుకోళ్ళు పెంచేవాళ్ళ దగ్గర నుంచో తెచ్చుకోవాలి. అలాంటి గుడ్డు కోడి పెట్టేసరికే అందులో పచ్చసొన మీద తెల్లని చుక్కలో వేల కణాలుంటాయి. చల్లగా ఉన్నంతసేపూ ఆ పిండం ఆగి ఉంటుంది, 38 డిగ్రీల వెచ్చదనం తగలగానే మళ్ళీ కదులుతుంది.

గుడ్డును పక్కకు పడుకోబెట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టి, పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెడతారు. పిండం ఎప్పుడూ పచ్చసొన పైభాగానికే తేలుతుంది కాబట్టి ఆ గుర్తు కిందే ఉంటుంది. 33 గంటలయ్యాక తీసి, మొద్దు కొన వైపు సన్న బెజ్జం చేసి సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే పిండం పెంకు నుంచి కిందికి దిగుతుంది. పెంకు పైన టేపు అంటించి, చిన్న కత్తెరతో కిటికీ కోస్తారు. తొంగిచూస్తే మొదట ఏమీ కనబడదు, పసుపు మీద లేత మసకగా ఒక గీత ఉంటుంది. పలచన చేసిన నల్ల సిరాను సన్న సూదితో పిండం అడుగుకు ఎక్కిస్తే ఆ గీత మనిషి కళ్ళ ముందు విచ్చుకుంటుంది. తల వైపు మూడు ఉబ్బులు మెదడు. వాటిలో ముందుదానికి అటూ ఇటూ పొడుచుకొచ్చినవి కళ్ళు కాబోతున్నాయి. నడుమ పన్నెండు జంటల గళ్ళు, వెన్నుపూసలూ కండరాలూ వాటిలోంచే వస్తాయి. కోడిపిల్లలో గంటన్నరకొక జంట చొప్పున చేరుతూ ఉంటుంది, గుడ్డు వయసును ఆ గళ్ళు లెక్కపెట్టి చెప్పేయవచ్చు. గుండె ఒక గొట్టంగా కుడి పక్కకు వంగి ఉంటుంది, అప్పుడప్పుడే కొట్టుకోవడం మొదలుపెడుతుంటుంది. ఇక వెనక భాగం చూడండి. నాడీ నాళం ముందంతా మూసుకుంది, తోక దగ్గర మాత్రం రెండు అంచుల మధ్య ఇంకా ఎడం ఉంది. మనిషిలో నాలుగో వారంలో జరిగేది కోడిగుడ్డులో రెండో రోజునే కళ్ళారా కనిపిస్తుంది.

మన డిగ్రీ కాలేజీల్లో చాలా చోట్ల దీన్ని పాత శాశ్వత స్లైడ్ల మీదే చూపిస్తారు. 18 గంటలు, 24, 33, 48, 72, 96 అని వరసగా స్లైడ్లు. విద్యార్థి వాటిని చూసీ చూడకుండా సీనియర్ రికార్డులోంచి బొమ్మ దించేస్తాడు. బతికున్న పిండాన్ని ఒక్కసారి చూసినవాడు ఆ వెనక ఎడాన్ని జన్మలో మర్చిపోడు. ప్రతి జువాలజీ విద్యార్థి చేతా కనీసం ఒక్క గుడ్డయినా తెరిపించాలి.

ఆ ఎడం మూసుకోకుండా మిగిలిపోతే? తల వైపు మిగిలితే మెదడు పైభాగం, పుర్రె కప్పు ఏర్పడవు. ఆ బిడ్డ కడుపులోనే పోతుంది, లేదా పుట్టిన కొద్ది గంటల్లో, రోజుల్లో పోతుంది. వెన్ను కింది భాగంలో మిగిలితే స్పైనా బైఫిడా. అక్కడ వెన్నుపాము బయటపడి ఉంటుంది. బిడ్డ బతుకుతుంది, ఆపరేషన్లుంటాయి, కానీ చాలామందికి కాళ్ళలో బలం, మలమూత్రాల మీద అదుపు పూర్తిగా రావు. టిఫా స్కాన్ అని మనవాళ్ళు ఐదో నెల దగ్గర చేయించుకునేది ఇలాంటి లోపాలు చూడటానికే. ఆ స్కాన్ లోపాన్ని కనిపెడుతుంది, నాలుగో వారంలో తెరుచుకుని ఉండిపోయినదాన్ని మూయలేదు.

మూయడానికి తోడ్పడేది ఒక బి విటమిన్, ఫోలిక్ ఆమ్లం. కణం రెండుగా చీలాలంటే ముందు డి.ఎన్.ఎ. రెట్టింపు కావాలి, అందుకు కావలసిన ముడి పదార్థాల తయారీలో ఈ విటమిన్, అంటే ఫోలేట్, లేకుండా పని జరగదు. నాడీ పలక అంచులు లేచే రోజుల్లో కణాలు విపరీతమైన వేగంతో చీలుతుంటాయి. ఫోలేట్ అక్కడ సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆదుకుంటుందో శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. ఆదుకుంటుందన్న దాంట్లో మాత్రం సందేహం లేదు.

ఆ విటమిన్ కథ మన గడ్డ మీదుగానే నడిచింది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు. అత్తవారిది అనపర్తి. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి నీరసించి రక్తం తగ్గిపోయే జబ్బది. అదే జబ్బు ఆయన్నీ పట్టి వదిలింది. మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనశాలలో తయారుచేయగలిగామని ఆయన నడిపిన బృందం 1945లో ప్రకటించింది. స్ప్రూ రోగులకు అది మందయింది. ఇద్దరు సోదరులను మింగిన జబ్బుకి విరుగుడు తన బృందం చేతుల్లోనే తయారవడం ఆయన జీవితంలో నన్ను బాగా కదిలించే ఘట్టం.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి శత్రువును కూడా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒకచోట చిన్న మార్పు చేస్తే అమినోప్టెరిన్ వస్తుంది. కణం దాన్ని ఫోలేట్ అనుకుని తీసుకుంటుంది, దాంతో ఫోలేట్‌ను పనిలోకి తెచ్చే ఎంజైము స్తంభించిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్తకాన్సర్ పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం ఊరట కలిగిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. కాన్సర్ కీమోథెరపీ చరిత్రలో అదొక మలుపు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళకే కన్నుమూశారు. 1952లో థీర్ష్ అనే వైద్యుడు ఇంకో సంగతి బయటపెట్టాడు. ఆరోగ్య కారణాలతో గర్భం తీయించుకోవాల్సిన స్త్రీలకు అమినోప్టెరిన్ ఇచ్చినప్పుడు కొన్ని పిండాల్లో తల, మెదడు, అంగిలి లోపాలు కనిపించాయి. తొలి వారాల్లో ఫోలేట్ అందకపోతే పిండానికి ఏమవుతుందో చెప్పిన తొలి మానవ సాక్ష్యాల్లో అదొకటి. ఈ మందు తమ్ముడే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి ఇప్పటికీ మన ఊళ్ళల్లో వారానికోసారి వేసుకునే మాత్ర. అది వాడుతున్న ఆడపిల్లకు పెళ్ళి కుదిరితే, పిల్లల ఆలోచన చేసే ముందే డాక్టరుతో మాట్లాడి తీరాలి.

నాడీ నాళ లోపాలకీ ఫోలేట్ లోటుకీ సంబంధం ఉండవచ్చని 1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అన్నారు. గట్టిగా తేలింది 1991లో. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లుల మీద పరీక్ష జరిపింది. ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవాళ్ళలో 6 కేసులు వస్తే, తీసుకోనివాళ్ళలో 21 వచ్చాయి. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. తొలిచూలు వాళ్ళకి కూడా ఇది పనిచేస్తుందని మరుసటి ఏడాదే హంగరీ నుంచి వచ్చిన పరీక్ష చూపించింది. అమెరికా 1998 నుంచి గోధుమపిండి వంటి ధాన్యపు సరుకుల్లో దీన్ని తప్పనిసరి చేసింది. ఆ తరవాత అక్కడ ఈ లోపాలు తగ్గాయి.

మన దగ్గర రేషన్ బియ్యంలో కలపడానికి తెచ్చిన బలవర్ధక గింజల్లో ఇనుము, బి12తో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. మంచి పనే. కానీ ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో ఉండేది 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకి 400 గ్రాముల బియ్యం తిన్నా 30 నుంచి 50 మాత్రమే వస్తాయి. గర్భం కోసం చూస్తున్న స్త్రీకి కావలసిన అదనపు మోతాదు రోజుకి 400 మైక్రోగ్రాములు. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, సెనగలు తినాల్సిందే, వాటిలో ఫోలేట్ బాగానే ఉంది. అయితే ఉడికించి నీళ్ళు వంపేస్తే అందులో చాలా భాగం పోతుంది. ఆకుకూరల మీదే భారం వేసి కూర్చోలేం. మాత్ర వేసుకోవాలి.

మాత్రలు లేవా అంటే ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కానీ గర్భిణులకు అది మొదలయ్యేది నాలుగో నెల నుంచి, రక్తహీనత కోసం. తల్లికి అది అవసరమే. నాడీ నాళానికి మాత్రం అప్పటికి దానితో పనిలేదు. గర్భం రాకముందు నుంచి మొదటి మూడు నెలలూ ఉత్త ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలని మన ప్రభుత్వ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఆ మాత్ర ఖరీదు అతి తక్కువ. అడ్డం వస్తున్నది డబ్బు కాదు, ముందుగా చెప్పే మనిషి లేకపోవడం. పెళ్ళయిన నెలకే కోడలు మాత్రలు మింగుతోందంటే ఏదో జబ్బుందనుకునే అత్తగార్లున్నారు. అందుకే ఈ మాట ఇద్దరి పెద్దల ఎదురుగా, శుభమా అని, వ్రతం రోజునే చెప్పడం మేలు. వ్రతం టికెట్టు వెనక రెండు వాక్యాలు అచ్చేయించినా చాలు: పిల్లలు కావాలనుకుంటే కనీసం నెల ముందు నుంచి రోజూ ఫోలిక్ ఆమ్లం వేసుకోండి, మూడో నెల నిండేదాకా మానకండి.

కొందరికి ఈ మోతాదు చాలదు. ఇంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లికి రోజుకి నాలుగైదు మిల్లీగ్రాములు, అంటే పది రెట్లు, డాక్టరు రాస్తారు. షుగరు కూడా ఈ ముప్పును పెంచుతుంది, అది ఉన్నవాళ్ళు గర్భానికి ముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. ఈ ముప్పును పెంచే మందే అయినా, మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళు సొంతంగా మందు మానేయకూడదు, మానితే మూర్ఛ ప్రాణం మీదికి తెస్తుంది. మందు మార్చాలా వద్దా అన్నది ముందుగా వైద్యుడితో తేల్చుకోవాలి. ఇంత చేసినా కొన్ని లోపాలు రావచ్చు, ఫోలిక్ ఆమ్లం అన్నిటినీ ఆపదు. అప్పుడు తల్లిని నిందించకూడదు.

నింద గురించి ఇంకొక్క మాట. నాడీ నాళం అంచులు కలిసే సమయానికే ఆ అంచుల నుంచి కొన్ని కణాలు విడివడి పిండమంతా వలస పోతాయి. న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు వాటిని. ముఖం ఎముకల్లో చాలా భాగం, పళ్ళలో పైపొర కింద ఉండే గట్టి పదార్థం, చర్మానికి రంగునిచ్చే కణాలు, పేగుల్లో నాడులు అన్నీ వాటి సంతానమే. అవి నిర్మించే ముఖంలో పైపెదవి రెండు పక్కల నుంచీ వచ్చి మధ్య భాగంతో అతుక్కునేది ఏడో వారానికల్లా. అంగిలి అతుక్కునేది మూడో నెల నిండేలోపు. అతుకు పడకపోతే వచ్చేదాన్నే మనం గ్రహణం మొర్రి అంటాం. ఏడో నెల గర్భిణిని గ్రహణం రోజు కదలకుండా పడుకోబెట్టి, కత్తిపీట ముట్టనివ్వని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆమె కడుపులో బిడ్డ పెదవి అతుక్కుని అప్పటికి నాలుగు నెలలు దాటింది, ఏ నీడా దాన్ని మళ్ళీ చీల్చలేదు. మొర్రితో బిడ్డ పుడితే అందుకు జన్యువులూ, తొలి వారాల్లో పిండం చుట్టూ ఉన్న పరిస్థితులూ కలిసి కారణమవుతాయి. గ్రహణం రోజు కూర తరిగావా అని బాలింతను అడిగి ఏడిపించేవాళ్ళను ఇంట్లోవాళ్ళే ఆపాలి. వెంటనే తెలుసుకోవాల్సింది పాలు పట్టే పద్ధతి, ఎందుకంటే అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టి సరిగా చీకలేదు, ఆసుపత్రిలో నర్సు చూపించినట్టు పట్టాలి. పెదవికి ఆపరేషన్ సాధారణంగా మూడో నెలకీ ఆరో నెలకీ మధ్య చేస్తారు, అంగిలికి ఏడాది అటూ ఇటూగా.